పట్టిసీమ పంపులు పోలవరం తర్వాత పనికొస్తాయా? తేల్చేది అదురు లెక్కే

గోదావరి కుడి గట్టున, పట్టిసీమ దగ్గర 24 భారీ పంపులు వరుసగా నిలబడి ఉన్నాయి. 2015 మార్చిలో ఈ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగితే, అదే ఏడాది సెప్టెంబరులో గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. వరద నీటిలో 80 టీఎంసీలను కృష్ణా డెల్టాకు మళ్లించాలన్నది లక్ష్యం.

పోలవరం ప్రాజెక్టును 2027లో పూర్తి చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అది పూర్తయితే కుడి కాలువలోకి నీళ్లు వాటంతటవే పారతాయి, ఎత్తిపోయాల్సిన పని ఉండదు. మరి ఈ 24 పంపులు, మోటార్ల సంగతేంటి? పథకం మొదలైనప్పుడు 'ఇంత ఖర్చు వృథా కదా' అని విపక్షాలు అడిగితే, ఆ తర్వాత వీటిని వేరే ఎత్తిపోతలకు వాడుకోవచ్చన్న సమాధానం ప్రభుత్వ వైపు నుంచి వినిపించింది.

వాడుకోవచ్చా లేదా అన్నది పంపు వయసు చూసి చెప్పలేం. ఇన్నేళ్లలో అది ఎంత అదిరింది, ఆ అదురును ఎవరైనా కొలిచి రాసి పెట్టారా అన్నదాన్ని బట్టి చెప్పాలి. ఇంజినీర్లు దీన్నే వైబ్రేషన్ అంటారు. ప్రజల డబ్బుతో కొన్న యంత్రాల ఆయుష్షును తేల్చే ఈ లెక్క ఏమిటో చూద్దాం.

ఒక్కో పంపు ఎంత పని చేస్తుంది?

పట్టిసీమలో ఒక్కో పంపు సామర్థ్యం 354 క్యూసెక్కులు. అంటే సెకనుకు దాదాపు 10 వేల లీటర్లు. మీ అపార్ట్‌మెంటుకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండింటిని ప్రతి సెకనూ ఖాళీ చేస్తున్నట్టు ఊహించుకోండి. దాన్ని తిప్పే మోటారు సామర్థ్యం 4,600 కిలోవాట్ల పైనే. హార్స్‌పవర్లలో చెప్పాలంటే 6 వేలు దాటుతుంది.

24 పంపులూ కలిపి నడిస్తే 8,500 క్యూసెక్కులు. ఆ లెక్కన రోజుకు 0.73 టీఎంసీ వస్తుంది. 80 టీఎంసీలు ఎత్తిపోయాలంటే అన్ని పంపులూ రాత్రింబవళ్లు 109 రోజులు ఆగకుండా తిరగాలి. నిమిషానికి 300 చుట్లు అనుకున్నా, ఒక్క సీజన్‌లో ఒక్కో షాఫ్ట్ 4.7 కోట్ల చుట్లు తిరిగినట్టు. ఒక చుట్టులో వచ్చే కుదుపు మనిషి చేతికి కూడా తెలియకపోవచ్చు. అదే కుదుపు కోట్లసార్లు పడితే ఉక్కు బోల్టు కూడా అలసిపోతుంది.

అసలు అదురు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ఇంట్లో వాషింగ్ మెషీన్ బట్టలు పిండేటప్పుడు గడగడలాడటం చూసే ఉంటారు. దుప్పటి ఒక పక్కకు చేరితే డ్రమ్ము బరువు ఒక వైపు ఒరుగుతుంది. పంపులోనూ మొదటి కారణం అదే. నీటిని తోసే ఇంపెల్లర్ ఒక పక్క అరిగినా, దానికి చెత్త చుట్టుకున్నా తూకం తప్పుతుంది. వరద రోజుల్లో గోదావరి ఇసుకను, ఒండ్రును మోసుకొస్తుంది. ఇంపెల్లర్‌కు ఆ ఇసుకే ఆకురాయి.

రెండోది అలైన్‌మెంట్. మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఒకే గీతలో ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరుగుతాయి. పునాది ఒక మూల కొద్దిగా కుంగితే ఈ తేడా వచ్చేస్తుంది. నది ఒడ్డున తడి ఇసుక నేలల్లో ఈ ముప్పు ఎక్కువ. ఇసుకను ఎంత అదిరిస్తే అంత సర్దుకుని కిందికి దిగుతుంది. డబ్బాలో పిండి పోసి నాలుగుసార్లు తడితే మట్టం తగ్గుతుంది కదా, అలాగన్నమాట.

మూడోది నీరే. పంపు నీటిని పీల్చుకునే చోట మట్టం తగ్గితే పైన సుడి పడుతుంది. ఆ సుడి గాలిని లోపలికి లాగుతుంది. మరోవైపు, ఇంపెల్లర్ దగ్గర ఒత్తిడి బాగా పడిపోతే నీటిలోనే ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే పగులుతాయి. దీన్ని కావిటేషన్ అంటారు. వినడానికి పైపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు ఉంటుంది. ఆ బుడగలు పగిలిన చోట లోహం మీద గుంటలు పడతాయి.

నాలుగోది అనునాదం, అంటే రెజొనెన్స్. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా సరిపోయేలా తోస్తే చిన్న తోపుకే ఎంతో ఎత్తుకు పోతుంది. ప్రతి యంత్రానికీ, అది కూర్చున్న పునాదికీ కలిపి ఇలాంటి సొంత ఊపు ఒకటి ఉంటుంది. పంపు తిరిగే వేగం దానికి దగ్గరపడితే చిన్న లోపం కూడా పెద్ద కుదుపుగా మారుతుంది. నిలువుగా నిలబెట్టే పంపుల్లో బరువైన మోటారు పైన ఉంటుంది కాబట్టి, డిజైన్ సమయంలోనే దీన్ని లెక్కగట్టాలి. యంత్రాల పునాదులకు మన దేశంలో ఐఎస్ 2974 అనే ప్రత్యేక ప్రమాణం ఉన్నది ఇందుకే.

ఎంత అదిరితే ప్రమాదం?

డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టు, బేరింగ్ ఉన్న చోట ఒక చిన్న సెన్సర్ పెడతారు. లోహం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో అటూ ఇటూ కదులుతోందో అది చెబుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ కొలతను నాలుగు మండలాలుగా విడగొట్టారు. 'ఎ' అంటే కొత్త యంత్రం ఉండాల్సిన స్థితి. 'బి' అంటే నిరభ్యంతరంగా నడపొచ్చు. 'సి' అంటే రిపేరుకు వీలు దొరికేదాకా కొద్దికాలమే నడపాలి. 'డి' అంటే యంత్రం దెబ్బతినే స్థాయి. ఈ నాలుగింటి మధ్య తేడా సెకనుకు కొద్ది మిల్లీమీటర్లే.

ఒక్క రోజు కొలతతో పెద్దగా తెలిసేదేమీ ఉండదు. బీపీ ఒకసారి చూస్తే డాక్టర్ మందు రాయరు, నాలుగు వారాల చీటీ అడుగుతారు. పంపు కూడా అంతే. మూడేళ్లుగా 2 దగ్గర ఉన్న అంకె ఒక్క నెలలో 3.5కి వచ్చిందంటే, అది ఇంకా హద్దులోపలే ఉన్నా లోపల ఏదో మొదలైనట్టే. బేరింగ్ అరుగుతోందా, బోల్టు వదులైందా, తూకం తప్పిందా అన్నది ఆ అదురు పోకడలోనే తెలుస్తుంది. ఒక్కో లోపం ఒక్కో రకంగా అదిరిస్తుంది కాబట్టి, అనుభవం ఉన్న ఇంజినీరు పంపు విప్పకుండానే కారణం పట్టుకోగలరు. కానీ పాత అంకెలు రాసి ఉంటేనే కొత్త అంకెకు అర్థం ఉంటుంది.

ఆగి ఉన్న పంపుకు భయం లేదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. నడవని యంత్రం అరగదని అనుకుంటాం. ఒకే కప్పు కింద 24 పంపులున్న చోట ఇది నిజం కాదు.

పక్కన ఉన్నవి నడుస్తుంటే ఆ అదురు నేల గుండా, పైపుల గుండా ఆగి ఉన్న పంపుకు చేరుతుంది. తిరిగే బేరింగ్‌లో బంతుల చుట్టూ గ్రీజు పొర ఎప్పటికప్పుడు కొత్తగా పరుచుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు బంతి ఒకే చోట కూర్చుని సన్నగా కదులుతూ ఉంటుంది. అక్కడి గ్రీజు పక్కకు పోతుంది, లోహం లోహాన్ని రాస్తుంది, వరుసగా చిన్న నొక్కులు పడతాయి. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లను రైలెక్కించి దూర ప్రాంతాలకు పంపితే, ఒక్క కిలోమీటరు కూడా నడవకుండానే చక్రాల బేరింగులు పాడైనట్టు బయటపడింది. కారణం ఇదే.

దీనికి మందు ఖరీదైందేమీ కాదు. ఆగి ఉన్న పంపు షాఫ్టును నిర్ణీత రోజులకోసారి తిప్పి ఉంచాలి. సీజన్‌లో అవే పంపులను నడపకుండా వంతులవారీగా మార్చాలి. మోటారు లోపల చెమ్మ చేరకుండా హీటర్లు వేసి ఉంచాలి. చేయాల్సినవి ఇవే. కాకపోతే ఏడాదిలో నీళ్లు ఎత్తని నెలల్లో కూడా ఇవి చేసే మనుషులు, అందుకు బడ్జెట్ ఉండాలి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఒక పథకం నడవడం, పడకేయడం మనకు కొత్త కాదు. ఆ రాజకీయ విరామంలో కూడా బేరింగులకు విరామం దొరకదు.

కరెంటు ఒక్కసారిగా పోతే?

ఇంతవరకు చెప్పింది నిదానంగా తినేసే అదురు. ఇక ఒక్క దెబ్బతో పడే షాక్ ఉంది.

పట్టిసీమలో 24 పంపుల నీటిని 12 వరుసల ఉక్కు పైపులు దాదాపు 4 కిలోమీటర్ల దూరం మోసుకెళ్తాయి. ఒక్కో పైపు వ్యాసం 3.2 మీటర్లు, అందులో ఒక కారు తిన్నగా వెళ్లిపోవచ్చు. ఒక వరుసకు రెండు పంపులు చొప్పున లెక్కేస్తే, ఒక్కో పైపులో 30 వేల టన్నులకు పైగా నీరు సెకనుకు 2.5 మీటర్ల వేగంతో కదులుతుంటుంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగుతుంది, నీరు ఆగదు. ఊపు మీద కొంత ముందుకు పోతుంది, వెనక ఒత్తిడి పడిపోతుంది. ఆ తర్వాత నీరు వెనక్కి తిరిగి పంపు వైపు దూసుకొస్తుంది. కుళాయి ఠక్కున కట్టేసినప్పుడు గోడలో పైపు 'ఠంగ్' మంటుంది చూడండి, ఇదీ అదే. దీని పేరు వాటర్ హ్యామర్. నీటి వేగం సెకనుకు ఒక మీటరు మేర హఠాత్తుగా ఆగితే, ఉక్కు పైపులో ఒత్తిడి సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి స్తంభం మోపినంత పెరుగుతుంది. 2.5 మీటర్ల వేగానికి ఆ లెక్క 250 మీటర్లు.

నిజంగా అంత దెబ్బ పడకుండా చూడటానికే రక్షణ ఏర్పాట్లు. పైపు మీద గాలి వాల్వులు, ఒత్తిడిని మింగే ట్యాంకులు, నిదానంగా మూసుకునే వాల్వులు ఈ కోవలోకి వస్తాయి. ఏళ్ల తరబడి కదలని గాలి వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోతే, అది ఉన్నా లేనట్టే. అందుకే ఎత్తిపోతల దగ్గర కరెంటు ఎన్నిసార్లు హఠాత్తుగా పోయిందన్న రికార్డు కూడా పంపు ఆరోగ్య చరిత్రలో భాగమే.

పంపు ఒక్కటే కాదు, ప్యానెల్ కూడా

అంత పెద్ద మోటారును నడిపించేది అరచేతిలో పట్టే రిలేలు, సర్క్యూట్ బోర్డులు. అదురుకు ముందుగా లొంగేవి కూడా అవే. టెర్మినల్ స్క్రూ వదులైతే వైరు వేడెక్కుతుంది, నిప్పురవ్వ పుడుతుంది. రిలే కాంటాక్టులు అదిరితే లేని లోపం ఉన్నట్టు చూపించి పంపును ఆపేస్తాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు రక్షణగా ఉండే బుకోల్జ్ రిలే కూడా గట్టి కుదుపుకు పొరపాటున ట్రిప్ కావచ్చు. అలా అకారణంగా ఆగిన ప్రతిసారీ పైన చెప్పిన వాటర్ హ్యామర్ పొంచి ఉంటుంది. చిన్న రిలే కదిలితే, పెద్ద పైపుకు దెబ్బ.

అందుకే కంట్రోల్ గదిని పంపుల పునాదితో కలపకుండా మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ప్యానెళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేస్తారు. పైపులకు, వైర్లకు వంగే జాయింట్లు పెడతారు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోటారు వేస్తే మొదటి అంతస్తు గోడలు జుమ్మంటున్నాయా? దానికీ ఇదే వైద్యం: మోటారు కింద రబ్బరు ప్యాడు, పైపు దగ్గర వంగే జాయింటు, బోల్టులు బిగించడం.

పట్టించుకోకపోతే ఏమవుతుంది?

రష్యాలోని సయానో షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రంలో 2009 ఆగస్టు 17న రెండో నంబరు టర్బైన్ పైమూత ఒక్కసారిగా ఎగిరిపోయింది. నీరు యంత్రశాలను ముంచెత్తింది. 75 మంది చనిపోయారు. ఆ యూనిట్ అదురు అనుమతించిన హద్దును ముందే దాటిందని అధికారిక దర్యాప్తు తేల్చింది. మూతను పట్టి ఉంచే బోల్టుల్లో 49 పరిశీలిస్తే 41లో అలసట పగుళ్లు కనిపించాయి. అంటే ఆ బోల్టులు చాలాకాలంగా తెగుతూ వచ్చాయి. పట్టిసీమ టర్బైన్ కాదు, అంత ఎత్తైన డ్యామూ దాని వెనక లేదు. అయినా బోల్టు అలసిపోయే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా ఆలోచించాల్సింది. తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా ఎల్లూరు దగ్గరున్న మహాత్మా గాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ 2020 అక్టోబరు 16న నీట మునిగింది. దగ్గర్లోనే పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కోసం భూగర్భంలో పనులు జరుగుతున్నాయి. ఆ పేలుళ్ల అదురే పంపుహౌస్‌ను దెబ్బతీసిందని విపక్ష నేతలు ఆరోపించారు. వారాల తరబడి ఇదే రాజకీయ వివాదం.

ఆరోపణలో నిజమెంత అన్నది అలా ఉంచండి. ఇలాంటి వివాదాన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. పేలుడు జరిగినప్పుడు నేల ఎంత వేగంతో కదిలిందో కొలవొచ్చు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 నుంచే దీనికి హద్దులు పెట్టింది. తక్కువ ఫ్రీక్వెన్సీ అదురుకు ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు, చారిత్రక, సున్నిత కట్టడాల దగ్గర 2 మిల్లీమీటర్లు. పేలుడుకు ముందు, తర్వాత పంపు పునాది దగ్గర తీసిన అంకెలు అందరి ముందూ ఉంటే నాయకుల మాటల మీద ఆధారపడాల్సిన పని లేదు.

పంపులను వేరే చోటికి తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. కానీ మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది ప్రయాణం. విప్పిన మోటారును లారీ ఎక్కిస్తే గతుకుల రోడ్డు మీద ప్రతి కుదుపూ బేరింగ్ మీదే పడుతుంది. అందుకే షాఫ్టు కదలకుండా బిగించి, పెట్టెకు షాక్ రికార్డర్ తగిలించి పంపుతారు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత గట్టి దెబ్బ తగిలిందో అది రాసి పెడుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లను తరలించేటప్పుడు ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. సరుకు దించుకునే ముందు ఆ రికార్డు చూడకపోతే, తర్వాత వచ్చే లోపం ఎవరిదో తేలదు.

రెండోది పునాది. పట్టిసీమలో నిమ్మళంగా నడిచిన పంపు కొత్త పునాది మీద అలాగే నడుస్తుందన్న భరోసా లేదు. ఊపు యంత్రానికీ పునాదికీ కలిపి ఉంటుంది కాబట్టి, కొత్త చోట లెక్క మళ్లీ వేయాలి.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, ఎత్తు. ప్రతి పంపునూ ఒక నిర్దిష్ట ఎత్తుకు, నిర్దిష్ట ప్రవాహానికి తయారుచేస్తారు. దానికి బాగా భిన్నమైన ఎత్తు దగ్గర నడిపితే నీరు లోపలే తిరగబడి ఇంపెల్లర్‌ను కుదుపుతుంది. కరెంటు ఎక్కువ తాగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. 'పంపులున్నాయి కదా, ఎక్కడో ఒకచోట పెడదాం' అనే నిర్ణయం చౌకగా కనిపించి ఖరీదుగా తేలేది ఇక్కడే.

ఉన్నచోటే ఉంచినా ఖర్చు తప్పదు. పోలవరం నిండని ఏడాదికి అక్కరకు వస్తాయని అట్టేపెడితే, వాటిని తిప్పుతూ, కొలుస్తూ, గ్రీజు మారుస్తూ ఉండాలి.

మీరు ఏం అడగాలి?

పట్టిసీమ నీళ్లు మీ ఊరికి రాకపోవచ్చు. కానీ మీ తాగునీటి పథకం, మీ డ్రైనేజీ పంపింగ్ స్టేషన్ కూడా ఇలాంటి యంత్రాల మీదే నడుస్తాయి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి ఇవి:

– ఒక్కో పంపు ఏడాదికి ఎన్ని గంటలు నడిచింది?
– వైబ్రేషన్ చివరిసారి ఎప్పుడు కొలిచారు? మొదటిసారి పంపు ఆన్ చేసిన రోజు అంకె ఎంత, ఇప్పుడెంత?
– కరెంటు పోయి పంపులు హఠాత్తుగా ఆగిన సందర్భాలు ఎన్ని? గాలి వాల్వులను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?
– నీళ్లు ఎత్తని నెలల్లో నిర్వహణ ఎవరి బాధ్యత? దానికి ఎంత కేటాయించారు?
– పంపులను తరలించే ఆలోచన ఉంటే, కొత్త చోటి ఎత్తు వీటికి సరిపోతుందని ఎవరు లెక్కగట్టారు?

ఎత్తిపోతల పథకాల మీద మన చర్చంతా ఎన్ని టీఎంసీలు, ఎన్ని కోట్లు, ఎవరి హయాం అన్న చుట్టూనే తిరుగుతుంది. ఈ ప్రశ్నలకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు. అంకెలు రాసి ఉంటే 24 పంపుల్లో ఏవి మరో పదేళ్లు పనికొస్తాయో, వేటిని పక్కన పెట్టాలో ముందే తెలుస్తుంది. రాసి లేకపోతే ఆ కొలత ఇప్పుడే మొదలుపెట్టాలి. 2027 వచ్చాక నిర్ణయం తీసుకునేవాళ్ల చేతిలో కనీసం ఒకటి రెండు సీజన్ల లెక్కయినా ఉంటుంది.